పండు వేయని ఆకు

బండి శిమిలిగూడలో ఆగిపోయింది. ఎందుకాగిందని బోగీలో ఒక్కరూ అడగలేదు. ఎదురుగా గూడ్సు వస్తోందంటే మనుషుల బండి పక్కకు తప్పుకోవాల్సిందే, ఈ లైను మర్యాదే అది. కిందికి దిగేది ఇనపరాయి, పైకి ఎక్కేది బొగ్గు, మధ్యలో ఎప్పుడో వీలు చూసుకుని మనుషులు. రత్నాలు కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పాత చీరముక్కలో కట్టిన కొండమామిడి పళ్లు. వాసన అప్పుడే బోగీ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఎదురు సీట్లో వరహాలరావు కళ్లు మూసుకుని ముక్కు ఎగబీలుస్తున్నాడు. కొత్తవలస నుంచి వచ్చి అరకు సంతలో చింతపండూ పిప్పళ్లూ కొనుక్కుపోయే షావుకారు, కొండ మీద అతన్ని ఎరగని గడప లేదు.

"ఓలప్పా, ఓ పండు ఇటు పడేయ్. వాసనకే సగం కడుపు నిండిపోనాది. మిగతా సగం నువ్వు నింపు."

"కొత్త అవ్వలేదు సావుకారీ."

"మీకవ్వలేదు. నాకు ఉగాదినాడే అయిపోనాది."

రత్నాలు నవ్వలేదు. కొత్త కాలేదు, అదే కదా గొడవంతా. ఆమె ఊరు ఊటగెడ్డలో మామిడి కొత్త పండగ అయ్యేదాకా ఎవరూ పండు నోట పెట్టరు. గాలికి రాలిన పండునైనా పిల్లలు తెచ్చి గుమ్మం పక్కన పెడతారే గాని నాలిక్కి తాకించరు. దిసారి మంగ్లు రోజు చెప్పాలి. ఊరికి రోజులు చెప్పే మనిషి అతనే, సామ ఎప్పుడు చల్లాలో పెళ్లి ఎప్పుడు చెయ్యాలో అతని నోటి నుంచే రావాలి. పండు ముందు కొండ మీద జాకర దేవతకు పెట్టాలి, ఆ తరవాత ఊరంతా ఒకచోట కూర్చుని తినాలి. ఈ ఏడు మంగ్లు రోజు చెప్పలేకపోయాడు. చెట్లు మతి తప్పినట్టు రెండుసార్లు పూశాయి. చలి పోకముందే కాసిన ఎండకు మొదటి పూత మాడింది, రెండో పూత మీద వడగళ్లు పడ్డాయి, ఒక కొమ్మ పండితే పక్క కొమ్మ ఇంకా పిందె. "ఏ సెట్టుని సూసి రోజు సెప్పమంటావు తల్లీ," అని మంగ్లు అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు. అంత ముసలాయన, ఊరికి రోజు చెప్పలేక తల దించుకోవడం రత్నాలు మొదటిసారి చూసింది. కాఫీకి పూత తెచ్చే వాన ఎగ్గొట్టిన ఏడు వచ్చిన కోపం కడుపు కోపం. కోత కోసి ఆరబెట్టిన గింజ మీద వాన పడినప్పుడు వచ్చిందీ అదే. ఇది వేరే కోపం. ఎక్కడో ఎవడో బొగ్గు తగలేస్తే ఇక్కడ మంగ్లు నోట మాట పోయింది.

సరళ ప్లాట్‌ఫారం చివరి నుంచి పరుగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకుంది. ఎస్.కోట పిల్ల, కొండ ఊళ్ల కోసం తిరిగే ఒక సంస్థలో పనిచేస్తుంది, కాలికి చెప్పు తెగినా ఊటగెడ్డ రావడం మానని గుంట. రేపు పొద్దున విశాఖపట్నంలో సభ. చాలా దేశాల మంత్రులొస్తారట, బొగ్గు మానేసి ఎండతోటీ గాలితోటీ నీటితోటీ కరెంటు ఎప్పటికి చేసుకుంటారో మాట్లాడుకుంటారట. అందులో రత్నాలుకు మూడు నిమిషాలు ఇప్పించింది సరళే.

"అత్తా, సభవాళ్లు ఇప్పుడే చెప్పమంటున్నారు. ప్లాట్‌ఫారం ఆ కొసనే ఫోను సిగ్నల్ ఉంది, బండి కదిలిందంటే అన్నీ టన్నెళ్లే. మంత్రులకి పండు తినిపిస్తావు కదా? ఫొటో అదేనంట. అందుకే నీకు టైమిచ్చారు, నిజం చెప్పాలంటే."

"ఉండే గుంట, ఆలోసించనీ."

"ఆలోచించడానికేముంది? ఊరే కదా కట్టి పంపింది."

ఊరే పంపింది. అబద్ధం కాదు. ఊటగెడ్డలో ఒక కట్టుబాటుంది, కొత్త కలిసి తిన్నవాళ్లు మళ్లీ కొత్త వచ్చేదాకా ఒకరికొకరు మాట తప్పకూడదు. తగువులుంటే తినకముందే తెంపుకోవాలి. తిన్నాక ఇక నోరూ చెయ్యీ ఒకటే. దాన్ని నమ్ముకునే ఒక ఏడు పొరపాటు చేశారు. ఆ ఏడు పెద్దాఫీసరు ఒకాయన సరిగ్గా కొత్తనాడే కొండెక్కి వచ్చాడు. చెమటలు కక్కుతూ వచ్చాడు, మంచివాడే, నేల మీద కూర్చున్నాడు, పండు తిన్నాడు, టెంక కూడా చీకాడు. చీకుతూనే అన్నాడు, వచ్చే కొత్తకల్లా ఇంటింటికీ ఎండ దీపం, గెడ్డలో పారే నీళ్ల మీద చిన్న కరెంటు మిషను, పిల్లలు దీపం కింద చదువుకుంటారు, కాఫీ గింజ మిషను మీద పొట్టు తీసుకుంటారు అని. కాగితం అడుగుదామని ఎవరికీ తోచలేదు. తిన్నాడు కదా, ఇంక కాగితమెందుకు? పక్క ఊరివాళ్లు ఎవరికీ ఏ పండూ పెట్టలేదు, రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు, వాళ్లకు కరెంటు స్తంభాలొచ్చాయి. ఊటగెడ్డ ఎదురుచూసింది. రత్నాలు కొండ దిగి ఆఫీసుకు వెళ్తే కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. ఆ సారు బదిలీ అయిపోయారమ్మా, అన్నాడు. ఆ మాట ఊరికి మోసుకొస్తే ఎవరికీ అర్థం కాలేదు. మనిషి బదిలీ అవుతాడు, సరే. తిన్న పండు కూడా బదిలీ అవుతుందా? మంగ్లు ఒక్కడే తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. మొన్న ఈ మూట కట్టిస్తూ అదే అన్నాడు. "ఆ సారు సిన్నోడు, ఆడికి బదిలీ ఉంది. దేశాలకి బదిలీ నేదు గదా. ఆళ్ళకి పెట్టు. నువ్వొచ్చి ఆళ్లు తిన్నారని సెప్పేదాకా మేం ముట్టం."

అన్నాడు, అన్నంత పనీ చేస్తారు. ఇప్పుడీ సమయానికి ఊళ్లో గంపల్లో పళ్లు మెత్తబడుతుంటాయి, పిల్లలు వాటి చుట్టూ కుక్కపిల్లల్లా తిరుగుతుంటారు, తిరుగుతారే గాని ముట్టరు. పండు కుళ్లితే పండే కాదు పోయేది. టెంకలు ఎండబెట్టి దాచుకుంటేనే వానల్లో టెంక అంబలి. కొండ మీద అందరికీ తెలిసిన ఆకలి లెక్క అది. అందరూ కలిసి ఆ ఆకలిని ఈ మూటలో కట్టి ఇచ్చారు. బయలుదేరేటప్పుడు రత్నాలు పెనిమిటి బుధు మాత్రం గుమ్మంలో చుట్ట కాలుస్తూ కూర్చుని, మూటను చూసి, తనలో తను అనుకుంటున్నట్టే అన్నాడు. "పండెట్టి మాటడిగితే దాన్ని లంచమంటారు గదేటి?" నోర్మూసుకో, అంది అప్పుడు. సంతలో పంది పిల్లను బేరమాడ్డం కూడా చేతకాని మనిషి, దేశాల సంగతి నీకెందుకంది. అరకు స్టేషన్లో బండి ఎక్కింది మొదలు ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

లంచం కాదు. లంచం కాదు గాని, మరేమిటి? పెట్టేవాళ్లం ఎప్పుడూ మనమే ఎందుకవ్వాలి? సర్వేకొచ్చినవాడికి కోడి, ఓట్లకొచ్చినవాడికి తేనె, ఫొటోకొచ్చినవాడికి థింసా. ఆడవాళ్లను వరసగా నిలబెట్టి ఆడించి వాళ్లు తాళం తప్పుతూ పక్కన గెంతుతారు. తినేసి, గెంతేసి, కారెక్కేస్తారు. రత్నాలు బడికి పోలేదు, గోడల మీద ఎన్నికల రాతలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంది. అ ఆలు సరిగా రాకముందే ఆమెకు హామీ అనే మాట చదవడం వచ్చింది. వాన కురిస్తే సున్నంతో పాటు కారిపోయే మాట. ఈ పెద్ద సభల్లో గోడ పెద్దది, సున్నం ఖరీదైనది, అంతేనా తేడా? ఇంకో యాభై ఏళ్లకు పొగ మానేస్తాం అని సంతకం పెడతారట. అప్పటికి సంతకం పెట్టినవాడు ఉండడు, రత్నాలు ఉండదు, మామిడి ఉంటుందో లేదో చెప్పేవాడు అసలే ఉండడు. ఏం అప్పగిస్తున్నార్రా మీరు, ఎవరికి? ఒకసారి మీటింగులో మెడకు పట్టీ కట్టుకున్నాయన ఇంగ్లీషులో చెప్పాడు, సరళ తెలుగు చేసింది. పోడు తగలబెట్టకండి, కట్టెల పొయ్యి మానండి, భూమి వేడెక్కుతోంది అన్నాడు. నా పొయ్యి పొగ మా ఇంటి చూరు దాటి పోదు నాయనా, చూరుకి పట్టిన మసి చూసుకో వచ్చి, అంది రత్నాలు. సరళ దాన్ని తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చలేదు, దగ్గింది. నా అడ్డాకుల మోపుకి చెక్‌పోస్టుంది. వెదురుకి చెక్‌పోస్టుంది, చీపురు కట్టకి చెక్‌పోస్టుంది, గేటు దగ్గర దింపి, విప్పి, ఎక్కడిదని అడుగుతారు. మీ పొగకి ఏ దేశం గేటు వేసింది? ఏ దేశం దింపి విప్పి అడిగింది? ఒక్క దేశం మానితే సరిపోదు, ఆ సంగతి చదువురాని రత్నాలుకే తెలుసు. గెడ్డకు కట్టు కట్టేటప్పుడు అందరూ రాళ్లు వేసి ఒక్కడు వెయ్యకపోతే ఆ ఒక్క సందులోంచే నీళ్లన్నీ పోతాయి. అందుకే అందరూ. అందుకే ఇప్పుడే. అలాగని పచ్చ కరెంటు పేరు చెప్పి మా కొండకే కన్నం పెట్టి, మా గెడ్డను చెరువులో ముంచి, తీగలు మాత్రం మా నెత్తి మీదుగా పట్నానికి లాక్కుపోతామంటే, అది ఎండ కరెంటైనా నీటి కరెంటైనా బొగ్గు బుద్ధే. ముందు దీపం కొండ మీద వెలగాలి. ఇవన్నీ మూడు నిమిషాల్లో ఎలా పడతాయి? పైగా నవ్వాలట. నవ్వుతూ మొదలుపెట్టు అత్తా, అని సరళ వారం నుంచీ చెబుతోంది.

పట్టాలు ముందే సణిగాయి. తరవాత నేల అదిరింది, తరవాత వంపులోంచి ఇంజను వచ్చింది, వెనక మరో ఇంజను, వాటి వెనక బొగ్గు. పెట్టె తరవాత పెట్టె, ప్రతి పెట్టె మీదా నల్లటి గుట్ట, గుట్ట తరవాత గుట్ట, చిన్నప్పుడు లెక్కపెట్టేది, ఇప్పుడు అక్కర్లేదు, ఎన్నైనా ఒకటే. పైన రైలు కరెంటు వైరు బుసకొడుతోంది. ఆ వైరు కిందే పుట్టి, ఆ వైరు కిందే పెళ్లయి, ఆ వైరు కిందే కిరసనాయిలు బుడ్డి తుడుచుకున్న ఆడవాళ్లు ఈ బోగీలోనే ఎంతమంది ఉన్నారో. కిటికీలోంచి నల్లపొడి లోపలికొచ్చి ఒళ్లో మూట మీద వాలింది. రత్నాలు చీర కొంగుతో తుడిచింది, మళ్లీ వాలింది, మళ్లీ తుడిచింది. వరహాలరావు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని ఏదో అంటున్నాడు, వినపడలేదు. ఆ మోతలో, ఆ నల్లటి గుట్టల మధ్య సందుల్లో వెలుగు పడి ఆరి పడి ఆరుతుంటే, సోమన్న కనిపించాడు. ఖాళీ ఆకు ముందు కూర్చున్న సోమన్న.

సోమన్న ఆమెకు చిన్నాన్న వరస. రత్నాలు గుంటగా ఉన్నప్పటి సంగతి. ఆ ఏడు గెడ్డకు కట్టు కట్టడానికి ఊరంతా దిగితే సోమన్న రాలేదు, సంతలో కోడిపందేల దగ్గర ఉండిపోయాడు. కొత్తనాడు అందరితో పాటు వచ్చి వరసలో కూర్చున్నాడు. రత్నాలు నాన్న వడ్డించాడు. అందరి ముందూ అడ్డాకు విస్తరి వేశాడు, సోమన్న ముందూ వేశాడు. అందరి ఆకుల్లో పండు వేశాడు, సోమన్న ఆకులో వెయ్యలేదు. తిట్టు లేదు, జరిమానా లేదు, ఒక్క మాటా లేదు. ఆకు వేశాం, నువ్వు మావాడివే, పండు మాత్రం నీ చేతిలో ఉంది, అన్నట్టు. ఏ ఒక్కరి ఆకు ఖాళీగా ఉన్నా మిగతావాళ్లు ముట్టకూడదు కాబట్టి ఎవరూ ముట్టలేదు. పిల్లలు, ముసలాళ్లు, బాలింతలు, అందరూ పండు ముందేసుకుని సోమన్న మొహం చూస్తూ కూర్చున్నారు. రత్నాలు నోట్లో ఊరిన నీళ్లు మింగడం ఇప్పటికీ గుర్తే. సోమన్న కాసేపు నేల చూశాడు. కాసేపు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. లేచి గెడ్డలోకి దిగి ఒక్కడే రాళ్లు మోశాడు. పొద్దు వాలేదాకా మోశాడు. అంతసేపూ ఊరు కదల్లేదు. తడిసి వచ్చి మళ్లీ తన ఆకు ముందు కూర్చున్నాక నాన్న పండు వేశాడు. అప్పుడు తిన్నారు అందరూ. ఆ తరవాత బతికినంత కాలం కట్టు దగ్గరికి అందరికంటే ముందు వచ్చేది సోమన్నే. తుపాను వానలో కొండ జారిన నాడు కూడా అతనే ముందు వెళ్లాడు, గెడ్డ నోటికి అడ్డం పడిన మాను తప్పిస్తే నీళ్లు కాఫీ తోటల మీదికి రావని. పట్టపగలు. అరుపు కూడా వినపడలేదు, కొండ సగం వచ్చి కూర్చుంది. ఎంత తవ్వినా గునపం దొరికింది, సోమన్న దొరకలేదు. అలాంటి వాన ఆ నెలలో పడగా చూడలేదని ముసలాళ్లందరూ అన్నారు. రాళ్లు మోసినవాడు మట్టి కింద ఉన్నాడు. ఒక్క రాయీ మొయ్యనివాళ్లకు రేపు పండు తినిపించాలి, నవ్వుతూ, ఫొటోకి.

గూడ్సు చివరి పెట్టె వెళ్లిపోయింది. చెవుల్లో హోరు మిగిలింది. కొండ మళ్లీ పచ్చగా, ఏమీ ఎరగనట్టు కనిపించింది. ప్లాట్‌ఫారం మీద ఆకులావిడ అడ్డాకుల కట్టలు గబగబా గుమ్మంలోంచి లోపలికి తోస్తోంది, కింద పట్నంలో హోటళ్లకు పోయే ఆకులు.

"ఓలమ్మి, అందులో ఓ కట్ట నాకియ్యి. వచ్చే సంతలో నీకు కట్టకి కట్ట ఇచ్చేత్తాను."

"పెళ్లేటమ్మా?"

"పెళ్లి కాదు, బోజనాల బంతి."

సరళ ఊచల దగ్గరే ఉంది, ఫోను చేతిలో చెమటకు జారుతోంది. రత్నాలు ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"ఎల్లి సెప్పు. పండు తినిపించనని సెప్పు."

"అత్తా..."

"ఇను. మంత్రులందరి ముందూ ఆకేత్తాను. నా సేత్తో కుట్టిన ఆకు. పండు ఎయ్యను. పండు మా కొండ మీదే ఉంటాది. ఎవుడు ముందు బొగ్గు పొయ్యి ఆర్పుతాడో, ఆర్పినట్టు మాకు కనబడతాదో, ఆడొచ్చి మాతో కూకుని తింటాడు. సోమన్న కూకోలేదేటి? మా సోమన్న కంటే పెద్దోళ్లేటి ఆళ్లు?"

సోమన్న ఎవరో సరళకు తెలుసు. మట్టి తవ్విన రోజు ఆమె కూడా ఉంది. అయినా పెదవి కొరుక్కుంది. "వాళ్లు నీ టైము తీసేస్తారు. ఎవరికో ఇచ్చేస్తారు. నిజంగానే తీసేస్తారత్తా. అప్పుడు మంగ్లు తాతకి ఏం చెప్తావు? ఊరంతా తినకుండా కూర్చుంది."

అదే, ఆ మాటే, రత్నాలు గుండెలో మెత్తగా ఉన్నచోట తగిలింది. తిరిగెళ్లి ఏం చెప్పాలి? వాళ్లు తినలేదు అని చెప్పాలి. నేనే పెట్టలేదు అని చెప్పాలి. మంగ్లు కాసేపు అరచేతులు చూసుకుంటాడు. ఆ తరవాత సోమన్న బంతి గుర్తొస్తుంది, ఆ రోజు మంచిరోజని చెప్పింది అతనే కదా. దేశాల కోసం పిల్లల్ని పస్తుంచక్కర్లేదు, ఆకులేసి వచ్చాను, ఇక పిల్లలకు పండు పెట్టేద్దాం, పెద్దవాళ్లం ముట్టకుండా ఉందాం, అని తను అంటుంది. బుధు చుట్ట నోట్లోంచి తీసి, అదీ మాట, అంటాడు. అనకపోయినా ఫరవాలేదు.

"మంగ్లుకి నేను సెప్పుకుంటాను. నువ్వు ఆళ్లకి సెప్పు. బేగెల్లు, సిగ్నలు పచ్చబడతంది."

సరళ పరుగెత్తింది. చున్నీ ఒకవైపు జారిపోతుంటే పట్టించుకోకుండా ప్లాట్‌ఫారం కొసన నిలబడి, ఒక చెవి మూసుకుని, మాట్లాడింది. చేతులు తిప్పుతూ మాట్లాడింది. ఆగింది. వింది. మళ్లీ ఏదో అంది, ఈసారి చేతులు తిప్పలేదు. బండి కూత వేసి కదిలితే వెనక పెట్టె ఎక్కి, బోగీలన్నీ దాటుకుని, రొప్పుతూ వచ్చి పక్కన కూలబడింది.

"ఏటన్నారు?"

"వేదిక మీద ఇలాంటివి కుదరవేమో అన్నారు. ఆలోచించుకుని చెప్తామన్నారు."

"నిన్నేటన్నారు?"

"నన్ను కూడా ఆలోచించుకోమన్నారు," అంది సరళ, నవ్వబోయి ఆపుకుంది. "అత్తా, వేదిక ఎక్కనివ్వకపోతే?"

"మెట్ల మీద ఏత్తాను. మెట్లెక్కనియ్యకపోతే గేటు కాడ ఏత్తాను. ఆళ్లు కార్లు దిగాల గదా. ఆకు తొక్కుకుని ఎల్తారో, దాటుకుని ఎల్తారో సూత్తాను." రత్నాలు కట్ట విప్పి, ఒళ్లో మూటను సరళ ఒళ్లోకి మార్చి, కట్టలోనే ఉన్న వెదురు పుల్లలు పళ్ల మధ్య పట్టుకుంది. ఆకు మీద ఆకు, పుల్ల గుచ్చి తుంచడం, మళ్లీ ఆకు. సరళ కూడా రెండాకులు తీసుకుని చూస్తూ నేర్చుకుంటోంది, పుల్ల వేలికి గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుంది.

వరహాలరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇన్నాకులెవులికప్పా?"

"దేశాలకి."

"ఓలమ్మ. మరి నాకు?"

"నీ గిడ్డంగిలో డీజిలు మిషను రాత్రీ పగలూ ఆడతాది గదా సావుకారీ. నీకూ ఓ ఆకేత్తాను, ఉండు." కుట్టిన మొదటి విస్తరి అతని మోకాళ్ల మీద పెట్టింది. పక్కవాళ్లు గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. నవ్వి, ఆకు తీసి పక్కన పెట్టబోయి, పెట్టలేదు. మోకాళ్ల మీద అలాగే ఉంచుకుని, దాని ఖాళీలోకి చూస్తూ కూర్చున్నాడు.

టన్నెల్ వచ్చింది. బోగీలో దీపాలు వెలగలేదు. కుర్రాళ్లు అలవాటు ప్రకారం కేకలు పెట్టారు, కేకలు కొండ లోపలికి వెళ్లి తిరిగొచ్చాయి. ఆ చీకట్లో మామిడి వాసన ఇంకా గట్టిగా వేసింది. రత్నాలు ఆగలేదు. వేళ్లకు దీపం అక్కర్లేదు, ఈ చీకటి వాటికి కొత్తా కాదు. ఆకు మీద ఆకు పెట్టి, పుల్ల గుచ్చి, తుంచి, మోకాలి కింద పేర్చి, చెయ్యి చాపి మళ్లీ ఆకు తీసుకుంది. ఇంకా చాలా దేశాలు మిగిలి ఉన్నాయి.